సిరొంచలో నిజంగా ఎంతమందిమి ఉన్నాం? ఫిబ్రవరిలో లెక్కపెడితే తేలుతుందా?

ప్రాణహిత_ఒడ్డు
మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ. నిన్న సాయంత్రం మా వాడలో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడుస్తూ గడపలు లెక్కపెట్టాను. 41 ఇళ్లలో 14 ఇళ్లకు తాళాలు కనిపించాయి. మరో 9 ఇళ్లలో ముసలివాళ్లు, వాళ్ల దగ్గర వదిలిన మనవలు తప్ప ఎవరూ లేరు. నా చిన్నప్పుడు ఇదే వాడలో బోరింగు దగ్గర బిందెల వరుస సందు మలుపు దాకా సాగేది. నిన్న ఆ బోరింగు దగ్గర ఒక్క బిందె కూడా లేదు.

ఈ లెక్క ఎందుకు మొదలుపెట్టానంటే, వచ్చే జనగణనలో మనుషుల లెక్కకు 2027 మార్చి 1 మొదలయ్యే అర్ధరాత్రిని గీతగా పెట్టారు. అంటే ఇంటింటికీ తిరిగే పని ఫిబ్రవరిలో జరుగుతుంది. మన కూలి జనం ఫిబ్రవరిలో ఊళ్లో ఉంటారా? సంక్రాంతి దాటగానే మూటలు కట్టుకొని మిర్చి ఏరడానికి భూపాలపల్లి, ఖమ్మం వైపు పోతారు. అప్పుడు లెక్కపెడితే మన ఊరు ఎంత చిన్నదిగా కాగితం మీద మిగులుతుందో తలచుకుంటే భయంగా ఉంది. దీనికి మనం చేయగలిగింది ఏమైనా ఉందా?

అంకీసా_రైతు
మీ బాధ అర్థమైంది కానీ ఊరు ఖాళీ అయిందన్న మాటతో నేను ఏకీభవించను. మీ వాడ ఖాళీ అయ్యే అదే ఫిబ్రవరిలో మా చేలు నిండుతాయి. మా మిర్చి తోట గట్టున ప్రతి ఏడూ జనవరి చివర 25 మంది దాకా గుడిసెలు వేసుకుంటారు. ఎక్కువమంది ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ వైపు నుంచి వస్తారు. పిల్లలూ కోళ్లూ కూడా వాళ్లతోనే వస్తాయి. ఏప్రిల్ దాకా ఉంటారు. 2011లో లెక్క రాసుకోవడానికి వచ్చిన మాస్టారు మా ఇంటి దాకా వచ్చారు కానీ ఆ గుడిసెల దాకా రాలేదు. నేను కూడా చెప్పాలని అనుకోలేదు, ఆ తప్పు నాది కూడా.

చెన్నూరు_అల్లుడు
నేను చెన్నూరు వాణ్ని, అత్తవారి ఊరు సిరొంచ. ప్రాణహిత మీద వంతెన వచ్చాక నెలకు 10 రోజులు అత్తవారింట్లోనే ఉంటున్నాను. నన్ను ఏ ఒడ్డున రాస్తారో ముందే చెప్పండి, మా మామగారు అన్నం పెట్టే ముందు అడుగుతున్నారు.

మిర్చి_కల్లం
@చెన్నూరు_అల్లుడు, బావగారూ, 10 రోజుల భోజనం లెక్క వేరు, జనం లెక్క వేరు. మీరు చెన్నూరులోనే.

పాత_మాస్టారు
నేను జిల్లా పరిషత్ బడిలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ని. 2001లోనూ 2011లోనూ ఈ తాలూకాలోనే జనగణన విధులు చేశాను. అందుచేత కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

2011లో మేము ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఇంటింటికీ తిరిగాము. మామూలుగా ఆ ఇంట్లో ఉండే మనిషి ఈ 20 రోజులూ ఇంట్లో ఉన్నా, కొన్ని రోజులు ఉండి కొన్ని రోజులు లేకపోయినా, ఆ ఇంట్లోనే రాయాలి. ఆ 20 రోజుల్లో ఒక్కసారి కూడా ఇంటికి రానివాళ్లను మాత్రం అక్కడ రాయకూడదు, వాళ్లు ఎక్కడుంటే అక్కడ రాయాలి. అలాగే బయటి నుంచి వచ్చినవాళ్లు ఆ 20 రోజులూ ఇక్కడే ఉండి, మరెక్కడా లెక్కకు రాకపోతే ఇక్కడ రాయాలి. అంటే అంకీసా రైతు గారి గట్టున ఉన్న 25 మందినీ రాయవలసిందే. ఇల్లు లేనివాళ్ల కోసం ఫిబ్రవరి 28 రాత్రి ప్రత్యేకంగా తిరిగాము కూడా. అయితే అడవి అంచున, వాగు అవతల, పొలం గట్టు మీద ఉన్న గుడిసె ఎవరి దారిలో పడుతుంది? చెప్పేవాళ్లు లేకపోతే మాకు కనబడదు.

ఇంకొక విషయం చెప్తాను. మన కూలీలు మధ్యలో ఒకసారి ఇంటికి వచ్చేది మహాశివరాత్రికి, కాళేశ్వరం స్నానానికి. 2011లో శివరాత్రి మార్చి 2న పడింది. మా తిరుగుడు ఫిబ్రవరి 28తో ముగిసింది. రెండు రోజుల తరువాత ఊరు జనంతో కిటకిటలాడింది, నేను తాళం అని రాసుకున్న ఇళ్లలో పొయ్యిలు వెలిగాయి. నా కళ్లతో చూశాను. ఇప్పుడు 2027లో శివరాత్రి మార్చి 6న వస్తున్నది.

ప్రాణహిత_ఒడ్డు
మాస్టారూ, ఈ శివరాత్రి సంగతి నాకు తట్టనే లేదు. రెండుసార్లూ లెక్క ముగిసిన వారంలోపే పండుగ రావడం మన దురదృష్టం.

హైదరాబాద్_సిరొంచోడు
ఆ 14 తాళాల్లో ఒకటి మాదే అయి ఉంటుంది. నేను 8 ఏళ్లుగా హైదరాబాదులో ఏసీలు బిగించే పని చేస్తున్నాను. అమ్మానాన్న కూడా ఇక్కడికే వచ్చేశారు. 2022 జూలైలో గోదావరి వరద దిగిపోయాక మా రెండెకరాల మీద మోకాలి లోతు ఇసుక మేట వేసింది. దాన్ని తీయించడానికి అయ్యే ఖర్చుతో మరో ఎకరం కొనవచ్చని నాన్న అన్నారు. ఆ తరువాత ఆయన పొలం వైపు వెళ్లలేదు. నేను ఫిబ్రవరిలో నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చి మా ఇంట్లో కూర్చుంటే మమ్మల్ని సిరొంచలో రాస్తారా? నిజంగానే అడుగుతున్నాను.

పాత_మాస్టారు
నాయనా, నీ మనసు నాకు అర్థమైంది. కానీ నువ్వు మామూలుగా ఉండేది హైదరాబాదులో కాబట్టి అక్కడే రాయించుకోవాలి. అయితే పుట్టిన చోటు, కిందటిసారి నివసించిన చోటు, వలస వచ్చిన కారణం అన్న ప్రశ్నలు 2011 పత్రంలో ఉన్నాయి. అక్కడ సిరొంచ, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర అని పూర్తిగా చెప్పు. చాలామంది విసుగుతో తెలంగాణ అనేస్తారు.

అంగన్‌వాడీ_అక్క
నేను ఈ విషయాన్ని మరో వైపు నుంచి చూస్తున్నాను. లెక్క తగ్గితే పరువు పోతుందన్నది నా బాధ కాదు. గిరిజన, కొండ ప్రాంతాల్లో 3,000 జనాభాకు ఒక ఆరోగ్య ఉపకేంద్రం, 20,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలని నియమం. మైదానంలో అయితే అవి 5,000, 30,000. మనకు అసలే ఊళ్లు దూరదూరంగా ఉన్నాయి. ఒక్కో ఊరు ఆ గీతకు కొంచెం కింద ఆగిపోతే నర్సు ఉండదు, కాన్పుకు మంచిర్యాలో వరంగలో పోవాలి.

నా రిజిస్టరులో ఉన్న పిల్లల్లో జనవరి తరువాత మూడో వంతు మంది రారు, తల్లుల వెంట మిర్చి చేలకు పోతారు. గర్భిణులు కూడా పోతారు. పోయిన ఏడు ఎనిమిదో నెల నిండిన పిల్లను వద్దమ్మా అని బతిమాలాను. కాయ ఏరకపోతే అప్పు తీరదని వెళ్లింది. చేను గట్టు మీదే ప్రసవించింది, తల్లీబిడ్డా క్షేమమే. ఆ బిడ్డకు పుట్టిన చోటు ఏమని రాయించాలో ఆ పిల్ల నన్ను వచ్చి అడిగింది.

మిర్చి_కల్లం
అక్కా, ఆ అప్పు సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. మిర్చికి విత్తనం, మందులు, ఏరిన కూలి అన్నీ కలిపి పత్తి కన్నా ఎన్నో రెట్లు పెట్టుబడి కావాలి. 2021లో నల్ల తామర పురుగు పూతలో చేరి తోటలకు తోటలను మాడ్చింది. నేను 4 ఎకరాలు వేసి కాయ ఏరకుండానే దున్నేశాను. ఎప్పుడూ కూలీలను పిలిచే ఇల్లు మాది. ఆ ఏడు మా తమ్ముడూ మరదలూ ఖమ్మం వైపు కూలికి పోయారు. ఇది చెప్పుకోవడానికి మాకు సిగ్గేమీ లేదు, ఊరు ఎలా పలచబడిందో తెలియాలని చెప్తున్నాను.

జింగానూరు_బాట
అందరూ మన ఊరు, మన తెలుగువాళ్లు అంటున్నారు. సిరొంచ తాలూకా అంటే నది ఒడ్డు మాత్రమే కాదు. మా వైపు మాడియా, గోండు ఊళ్లు ఉన్నాయి. మేము అంగడికి వస్తే తెలుగు, తహసీలుకు పోతే మరాఠీ, ఇంట్లో మాడియా మాట్లాడుతాం. లెక్క రాయడానికి వచ్చినవాళ్లు మా మాట రాక, ‘మీకు తెలుగు వచ్చు కదా’ అని తెలుగు రాసుకుపోతే మేము ఏ లెక్కలో ఉన్నట్టు? మీ తెలుగు తగ్గుతోందని మీరు బాధపడే ముందు ఈ మాట కూడా వినండి.

పాత_మాస్టారు
మీరన్నది సత్యం, అటువంటి పొరపాట్లు జరిగాయి. నియమం మాత్రం స్పష్టంగా ఉంది. చిన్నతనంలో తల్లి ఏ భాషలో మాట్లాడిందో అదే మాతృభాష. అది కాక వచ్చిన మరో రెండు భాషలను వేరే గడిలో రాస్తారు. మీవాళ్లు మాతృభాష మాడియా అనీ, వచ్చిన భాషలు తెలుగు, మరాఠీ అనీ పట్టుబట్టి చెప్పాలి. మా తెలుగువాళ్లు కూడా పిల్లలు మరాఠీ బడికి పోతున్నారు కదా అని మరాఠీ చెప్పేస్తున్నారు. అదీ అంతే తప్పు.

మహేంద్రతనయ
మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి దగ్గర పల్లె. మీ చర్చ చదువుతుంటే మా ఊరి మాటలే వినిపిస్తున్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది. తెలుగు వాడుక భాష కోసం పోరాడి, సవర భాషకు నిఘంటువూ వ్యాకరణమూ రాసిన గిడుగు రామమూర్తి గారు ఆ రోజుల్లోనే పర్లాకిమిడి విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన ఇక్కడే బడిపంతులుగా జీవితం మొదలుపెట్టినవాడు. మా ఇంట్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడుతాం, మా పిల్లలకు మాత్రం ఒడియా అక్షరాలే వచ్చు. తాతయ్య రాసిన ఉత్తరాలు పెట్టెలో ఉన్నాయి, చదవగలిగేది నేనొక్కదాన్నే. జింగానూరు వారు అన్నది మాకూ వర్తిస్తుంది. మా తెలుగు వాడ పక్కనే సవర వాడ ఉంది.

మావాళ్లు విశాఖ, చెన్నై, హైదరాబాదు పోతున్నారు. నౌపడా నుంచి గుణుపురం పోయే చిన్న రైలు 2004లో ఆగి, 2011లో పెద్ద పట్టాల మీద మళ్లీ వచ్చింది. రైలు వచ్చాక ఊరు పెరుగుతుందని అనుకున్నాము. పోయేవాళ్లకే ఎక్కువ సుఖమైంది.

అంకీసా_రైతు
@మహేంద్రతనయ, మాకూ వంతెనతో అదే జరిగిందని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. 2016 డిసెంబరులో గోదావరి మీద కాళేశ్వరం వంతెన తెరవక ముందు వానాకాలంలో రోగిని పడవలో దాటించేవాళ్లం. మా పెదనాన్నను అలా దాటించబోతే పడవవాడు నీటి ఉధృతి చూసి రానన్నాడు. ఆయన ఈ ఒడ్డునే పోయాడు. వంతెన మీద కొందరు పోతే పోనీయండి, మనుషులు బతుకుతున్నారు. మిర్చి కూడా నేరుగా వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు చేరుతోంది. జిల్లా కేంద్రానికి పోవాలంటే ఆలాపల్లి మీదుగా ఎంత సేపు అడవి దారిలో కుదుపులు తినాలో అందరికీ తెలుసు.

ప్రాణహిత_ఒడ్డు
పెదనాన్నగారి సంగతి నాకు తెలియదు అన్నా. క్షమించండి, వంతెన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

రాజురా_దారి
మా వైపు ఇంకో చిక్కు ఉంది. రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఆదిలాబాదు జిల్లాలో ఉండేది, ఆ తరువాత బొంబాయి రాష్ట్రంలో కలిసింది. జీవతి కొండల మీద కెరమెరి మండలం సరిహద్దున 14 ఊళ్లను రెండు రాష్ట్రాలూ తమవే అంటాయి. అక్కడివాళ్లకు రెండు ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు ఉన్నాయి, రెండు రాష్ట్రాల బడులూ ఉన్నాయి. మీరు లెక్కలో ఒక్కసారి కూడా రావడం లేదని బాధపడుతున్నారు, అక్కడ రెండుసార్లు రాసినా భూమికి పట్టా లేక ఏడుస్తున్నారు. జనం లెక్క పెరిగితే అన్నీ వస్తాయని నేను నమ్మను.

అంగన్‌వాడీ_అక్క
లెక్క పెరిగితే అన్నీ వస్తాయని ఎవరూ అనలేదు అన్నా. లెక్కలో లేకపోతే అడగడానికి కూడా ఆధారం ఉండదని అంటున్నాను. 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల సొమ్మును రాష్ట్రాల మధ్య పంచినప్పుడు జనాభాకు 90 శాతం, విస్తీర్ణానికి 10 శాతం బరువు ఇచ్చింది. మనలాంటి చోట విస్తీర్ణం ఉంది, జనం లేరు. 20 మంది కన్నా తక్కువ పిల్లలున్న బడులను దగ్గరి బడిలో కలపాలన్న మాట మన రాష్ట్రంలో వచ్చినప్పుడు అందరం ఎంత కంగారుపడ్డామో గుర్తు లేదా?

పాత_మాస్టారు
విస్తీర్ణం మాట వచ్చింది కాబట్టి చెప్తాను. 2011లో గడ్చిరోలి జిల్లా జనాభా 10,72,942, విస్తీర్ణం 14,412 చదరపు కిలోమీటర్లు. అంటే చదరపు కిలోమీటరుకు 74 మంది. అదే ఏడు మహారాష్ట్ర మొత్తానికి ఆ అంకె 365. జిల్లాలో మూడింట రెండు వంతులకు మించి అడవే కాబట్టి ఇది సహజమే. నా బాధ ఏమిటంటే ఒకప్పుడు ఇది ఒక జిల్లాకు కేంద్రంగా ఉన్న ఊరు. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు ఇచ్చాక ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది, దానికి సిరొంచే ముఖ్య పట్టణం. 1874లో ఆ జిల్లాను ఎత్తివేసి మనల్ని చాందాలో, అంటే ఇప్పటి చంద్రపూర్‌లో కలిపారు. ఆనాటి దొర పేరుతో గ్లాస్‌ఫర్డ్‌పేట అన్న పల్లె ఇంకా మన పక్కనే ఉంది. భద్రాచలం మనతోపాటు అదే జిల్లాలో ఉండేదని మా తరగతి పిల్లలకు చెప్తే నమ్మేవాళ్లు కాదు.

చెన్నూరు_అల్లుడు
మాస్టారూ, ఇంతకీ సిరొంచ పట్నమా, పల్లెటూరా? మా మామగారు పట్నం అంటారు, వాకిట్లో మాత్రం రెండు జతల ఎడ్లు, గడ్డివాము ఉన్నాయి.

పాత_మాస్టారు
జనగణన ప్రకారం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది, మగవాళ్లలో ముఖ్యంగా పనిచేసేవారిలో 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండటం, ఈ మూడూ కలిస్తే పట్టణం. అయితే పురపాలక హోదా ఉన్న ఊరికి ఈ షరతులు అక్కర్లేదు, హోదాతోనే పట్టణమవుతుంది. మనది నగర పంచాయతీ కాబట్టి కాగితం మీద పట్టణమే, ఎడ్లు ఎన్ని ఉన్నా సరే.

మిర్చి_కల్లం
ఆ హోదాతో నష్టపోయింది కూలివాళ్లే. 2005 నాటి ఉపాధి హామీ చట్టం గ్రామీణ ప్రాంతాలకు చేసినది. పక్క పల్లెలో చెరువు మట్టి తీసేవాడికి ఉన్న హక్కు, గోదావరి ఒడ్డున పట్నం అనిపించుకున్న వాడలో నాగలి పట్టేవాడికి లేదు. ఎండాకాలం పది రోజులు తునికాకు కల్లం దగ్గర దొరికే పని తప్ప మిగతా రోజులకు దారి లేదు. తాళాలు ఎందుకు పడ్డాయంటే నేను మొదట చెప్పే కారణం ఇదే.

జింగానూరు_బాట
తునికాకు మా ఊళ్లలో ఇప్పటికీ పెద్ద ఆదాయం. ఆ పని ఉన్న నెలలో మావాళ్లు ఎక్కడున్నా తిరిగి వస్తారు. మే నెలలో లెక్కపెడితే మా ఊరు నిండుగా కనబడుతుంది.

ధర్మాబాద్_మిర్చి
నాందేడ్ జిల్లా నుంచి ఒక్క మాట. 2018లో అవతల రైతుబంధు మొదలై ఎకరానికి పంటకు 4,000 రూపాయలు వస్తుంటే, మా తాలూకాలో 40 ఊళ్లవాళ్లు తెలంగాణలో కలపమని అడిగారు. పోవాలన్న కోరిక మనుషులకే కాదు, ఊళ్లకు కూడా పుడుతుంది.

హైదరాబాద్_సిరొంచోడు
ఊరు కదలక్కర్లేదు, ఊళ్లో పని ఉంటే చాలు. మా నాన్న ఇక్కడ అపార్ట్‌మెంటు వాచ్‌మన్ గదిలో ఉండి కూడా పొద్దున లేవగానే మబ్బు పట్టిందా అని చూస్తారు.

ప్రాణహిత_ఒడ్డు
ఇంతమంది చెప్పాక చేయగలిగే పని ఒకటి కనబడుతోంది. కూలికి పోయేవాళ్లు ఒంటరిగా పోరు, ముఠాగా పోతారు. ప్రతి ముఠాకు ఒక మేస్త్రీ ఉంటాడు. ఎవరెవరు ఏ ఊరి చేనులో ఉన్నారో ఆయన దగ్గర చీటీ ఉంటుంది. మా వాడ మేస్త్రీని పొద్దున కలిశాను. రెండు మార్గాలు చెప్పాను. ఇంటి నుంచి ఒక్కరైనా లెక్క జరిగే రోజుల్లో వచ్చి ఒక రాత్రి ఉండటం మొదటిది. అది కుదరకపోతే ఉన్న చోటే గుడిసె దగ్గరికి మాస్టారును పిలిచి రాయించుకోవడం రెండోది.

అంకీసా_రైతు
ఒక్కరు వస్తే ఆ ఒక్కరినే రాస్తారు కదా తమ్మీ, ఇంటిల్లిపాదీ లెక్కకు రారు. రానుపోను బస్సు ఖర్చు, ఒక రోజు కూలి పోగొట్టుకొని ఎవరు వస్తారు? రెండో మార్గమే నయం. ఖమ్మం లెక్కలో పడ్డా ఫరవాలేదు, దేశం లెక్కలో ఉండాలి. నా వంతుగా నా గట్టు మీది వాళ్ల పేర్లు ఈసారి నేనే రాసి పెట్టి, వచ్చిన మాస్టారును బండి మీద తీసుకెళ్తాను.

అంగన్‌వాడీ_అక్క
నేను ఒప్పుకోను అన్నా. పేరు ఖమ్మంలో రాస్తే నర్సు కూడా ఖమ్మానికే వస్తుంది. ఆ పిల్ల కాన్పుకు తిరిగి వచ్చేది మాత్రం ఇక్కడికే.

పాత_మాస్టారు
ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది. ప్రాణహిత ఒడ్డు గారూ, ఇంతకీ మేస్త్రీ ఏమన్నాడో రాయలేదు.

ప్రాణహిత_ఒడ్డు
చీటీ ఇస్తానన్నాడు మాస్టారూ. మా వాడ నుంచి కిందటి ఏడు పోయినవాళ్లు 63 మంది, అందులో పిల్లలు 17 మంది. పిల్లల పేర్లు ఆయన చీటీలో లేవు, కాయ ఏరనివాళ్లను రాయరట. ఆ 17 పేర్లు అక్క రిజిస్టరులో చూసి కలుపుకుంటాను. ఆదివారం అంగన్‌వాడీ దగ్గరికి వస్తున్నాను, అక్కా, తాళం తీసి ఉంచండి.